పిల్లికి బిచ్చం పెడితే సరిపోదు



ఫౌజీకి మైకు ఇస్తే యుద్ధం గురించే చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. నేను పిల్లుల గురించి చెబుతాను. నవ్వినా పర్వాలేదు, చివరిదాకా వినండి.

పిసినారిని మన ఊళ్లలో ‘పిల్లికి బిచ్చం పెట్టనివాడు’ అంటాం. ఫౌజీ అలాంటివాడు కాదు. ఏ మారుమూల పోస్టుకి వెళ్లినా లంగర్ వెనక నాలుగు పిల్లులు తోకలెత్తుకుని నిలబడి ఉంటాయి. అయితే పెట్టడం ఒక్కటే సాయం కాదని నాకు ద్రాస్‌లో తెలిసింది.

2012లో మా డిటాచ్‌మెంట్ ద్రాస్ దగ్గర ఉండేది. దాదాపు 10,800 అడుగుల ఎత్తు. చలికాలంలో మైనస్ 20 అంటే అక్కడ మామూలు మాట. జోజీలా మంచుతో మూసుకుపోతే శ్రీనగర్ రోడ్డు నెలల తరబడి ఉండేది కాదు. అందుకే ఎండాకాలంలోనే రేషన్ నింపుకునేవాళ్లం. రేషన్ ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు. మేము ఛార్జ్ తీసుకున్న రోజు ఆరు పిల్లులున్నాయి. బుఖారీలు, బకెట్లు, తాళాలు అన్నీ రిజిస్టర్‌లో ఎక్కాయి. పిల్లులు మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

కుర్రాళ్లు ప్రేమగా రొట్టెలు, మాంసం ముక్కలు, పాలపొడి కలిపిన పాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆడపిల్లి ఐదారు నెలలకే ఈడుకొస్తుంది. 63 రోజులు, అటూ ఇటుగా, మోస్తే నాలుగైదు పిల్లలు. అక్టోబరు నాటికి ఆరు కాస్తా పదిహేడు అయ్యాయి. మేము సంబరపడ్డాం.

డిసెంబరులో ఆ సంబరం తీరిపోయింది. ఒక ఉదయం స్టోరు వెనక నాలుగు పిల్లకూనలు గడ్డకట్టి కనిపించాయి. తల్లి వాటిని ఇంకా నాకుతూనే ఉంది. తర్వాత ఒక పిల్లి వెచ్చదనం కోసం బండి బానెట్ కింద దూరింది. డ్రైవరు చూసుకోకుండా స్టార్ట్ చేశాడు.

ఇంకొకటి చెప్పాలి. నెల్లూరు వైపు కుర్రాడొకడు ఒక పిల్లిని ప్రాణంగా చూసుకునేవాడు. అది నీరసంగా పడి ఉంటే జ్వరమనుకుని పారాసిటమాల్ ముక్క మింగించాడు. మనకు మందు, పిల్లికి విషం. రెండో రోజుకి పోయింది. “నేనే చంపేశాను సాబ్” అని వాడు ఏడుస్తుంటే నా దగ్గర మాటల్లేవు. తిండి నేనూ పెట్టాను కదా, వాటి సంగతి ఒక్కటైనా తెలుసుకున్నానా?

చలికాలం దాటేసరికి తొమ్మిదే మిగిలాయి. 2013 వేసవిలో కంచరగాడిదలను చూడటానికి ఆర్‌వీసీ డాక్టరు సాబ్ వస్తే అడిగాను. ఆయన ఒకటే మాట అన్నారు: “ఆపరేషన్ చేయించకుండా తిండి పెడితే, వచ్చే చలికి చచ్చేవాటిని మీరే పుట్టిస్తున్నట్టు.”

చెక్కపెట్టెకు జాలీ కొట్టి, తాడు లాగితే తలుపు పడేలా బోను చేశాం. ఒక పూట తిండి ఆపి, బోనులో చేప పెట్టాం. ఎనిమిది దొరికాయి. మేము ‘హవల్దార్’ అని పిలిచే గండుపిల్లి మాత్రం మూడు వారాలు తిప్పించుకుని అప్పుడు దొరికింది. ఆడా మగా అన్నిటికీ ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేశారు. ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలియడానికి చెవి కొస కొద్దిగా కత్తిరించారు. గాయాలు మానేదాకా ఒక వెచ్చని గదిలో ఉంచి, మళ్లీ అక్కడే వదిలాం.

ఖాళీ రేషన్ పెట్టెలకు చిన్న ద్వారం కోసి, లోపల ఎండు గడ్డి నింపాం. గుడ్డలు, కంబళ్లు వేయకూడదు. అవి తేమ పీల్చి గడ్డకడతాయి. పాలు మానేశాం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. గోరువెచ్చని నీళ్లు రోజుకు రెండుసార్లు పెట్టాం. బండి స్టార్ట్ చేసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టాలని డ్రైవర్లకు చెప్పాం. రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ కాస్త నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి, కనుక నేల మీద చుక్క పడినా తుడిచేవాళ్లం. ఎవరినైనా కరిచినా, గీరినా పావుగంట సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, ఆ రోజే ఎంఐ రూమ్‌కి పంపేవాళ్లం.

2014లో మాకు బదిలీ వచ్చింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు ఫౌజీని తిప్పుతారు కదా! ఈసారి హ్యాండింగ్ ఓవర్ కాగితాలకు ఒక పేజీ కలిపాను: పిల్లులు తొమ్మిది, గుర్తులు ఇవి, తిండి వేళలు ఇవి, ఇవ్వకూడనివి ఇవి, కొత్తది వస్తే డాక్టరుకి చెప్పాలి. కొత్తగా వచ్చిన నాయిబ్ సుబేదార్ చదివి నవ్వాడు. కానీ సంతకం పెట్టాడు. మరుసటి ఏప్రిల్‌లో ఫోన్ చేసి, “సాబ్, ఎనిమిది ఉన్నాయి. ముసలిది ఒకటి పోయింది. పిల్లకూనలు లేవు” అన్నాడు. హవల్దార్ సంగతి అడిగాను. బుఖారీ పక్కనే పడుకుని ఉన్నాడట.

మనలో చాలామంది ఇప్పుడు ఊరి చివర ఇళ్లలో, పొలాల దగ్గర ఉంటున్నాం. అక్కడా పిల్లులున్నాయి. గిన్నె పెట్టండి, వద్దనను. పెట్టేముందు ఎన్ని ఉన్నాయో లెక్క రాయండి, పశువుల డాక్టరుని అడిగి ఆపరేషన్ చేయించండి, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారో ముందే చెప్పి వెళ్లండి. ఛార్జ్ తీసుకోవడం మనకు కొత్తేమీ కాదు.