అడవి దాచిన రాతి గదులు

ఛత్తీస్‌గఢ్‌లోని జగర్గుండా అడవుల నుంచి దక్షిణంగా దిగితే గోదావరి లోయ వస్తుంది. అక్కడ, తెలంగాణలోని పినపాక మండలం జానంపేట దగ్గర, చెట్ల మధ్య ప్రాచీన సమాధులు ఉన్నాయి. ఇలాంటివాటిని జనం రాక్షస గుళ్లు అంటారు. అంత బండలు మనుషులు ఎత్తారంటే నమ్మలేకపోయారేమో!

ఎత్తింది మనుషులే, ఇనుము వాడకం తెలిసినవాళ్లు. దక్షిణ భారతంలో సుమారు క్రీ.పూ. 1000 నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా ఇటువంటివి కట్టారు. ఇక్కడి ఇసుకరాయి పలకలుగా చీలుతుంది. పలకలు నిలబెట్టి గది చేసి, పైన బండ కప్పి, చుట్టూ రాళ్లు వలయంగా పేర్చారు. కొన్నింటి లోపల ఒకే రాతిని తొలిచిన తొట్టి ఉంటుంది. అందులో చనిపోయినవారిని ఉంచేవారు.

మైదానాల్లో ఇలాంటివి ఎన్నో నాగలికీ, రాతి క్వారీలకూ పోయాయి. అడవిలో దున్నేవారు లేక మిగిలాయి. అయితే చెట్ల వేళ్లు కూడా పలకలను విడదీస్తాయి. నిధి కోసం తవ్వేవారు అంతకన్నా ప్రమాదం. కుండ ఏ లోతులో, ఏ ఎముక పక్కన ఉందో తెలిస్తేనే ఆ సమాధి కథ తెలుస్తుంది. పెకలించి తెచ్చినది వట్టి కుండ.

ఇక బస్తర్‌లో నిలువురాయి కనబడగానే చరిత్రపూర్వ కాలానిదని అనుకోకండి. అక్కడి మాడియా గోండులు తమవారి జ్ఞాపకార్థం రాళ్లు నిలపడాన్ని గ్రిగ్సన్ 1938 నాటి తన పుస్తకంలో వర్ణించాడు. ఆ రాయిని ఉరస్కల్ అంటారు. అందులోని 'కల్', మన సన్నికల్లులోని 'కల్లు' ఒకటే. అటువంటి రాయి వయసు తెలియాలంటే గునపం అక్కర్లేదు, ముందు ఊరి పెద్దలను అడగాలి.