సున్నా లోపలి క్రమం



భీమునిపట్నం తీరంలోని నల్ల ఇసుకలో అయస్కాంతాన్ని తిప్పితే కొన్ని రేణువులు కుచ్చులా పట్టుకొని వస్తాయి. అది మాగ్నెటైట్, ఒక రకం ఇనుప ఆక్సైడు. దాని ఫార్ములాలో ఇనుప అయాన్లు మూడు. వాటి అయస్కాంత బలాలు దాదాపు 5, 5, 4. రెండు అయిదులూ ఎదురెదురుగా నిలిచి చెల్లిపోతాయి. మిగిలిన నాలుగే రేణువును లాగుతుంది. ఈ లెక్కను 1948లో విప్పి చెప్పినవారు ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ నీల్.

మరి ఏమీ మిగలకపోతే? మాంగనీసు ఆక్సైడును బాగా చల్లబరిస్తే సగం అయాన్లు ఒకవైపు, సగం ఎదురువైపు తిరుగుతాయి. మొత్తం సున్నా. ఇలాంటి పదార్థాలుంటాయని నీల్ 1930లలోనే ఊహించారు. 1949లో అమెరికాలో షల్, స్మార్ట్ మాంగనీసు ఆక్సైడు పొడి మీదికి న్యూట్రాన్లను పంపారు. న్యూట్రాన్ తానే ఒక బుల్లి అయస్కాంతం కనుక లోపలి దిశలను పసిగట్టగలదు. గది ఉష్ణోగ్రత దగ్గర కనబడని కొత్త శిఖరాలు చల్లటి నమూనా నుంచి చెదిరిన న్యూట్రాన్ల గ్రాఫులో లేచాయి. సున్నా లోపల అంత క్రమం ఉందన్నమాట!

అయినా 1970లో నోబెల్ ప్రసంగంలో నీల్, ఈ పదార్థాలు సిద్ధాంతపరంగా ఎంతో ఆసక్తికరమే గాని ఉపయోగాలు కనిపించడం లేదన్నారు. అంతకుముందే, 1956లో, మైక్లెజాన్, బీన్ ఒక సంగతి గమనించారు: కోబాల్టు రేణువు మీది, ఇదే కోవకు చెందిన కోబాల్టు ఆక్సైడు పొర లోపలి లోహపు అయస్కాంత దిశను కదలనీయకుండా పట్టి ఉంచుతుంది. 1990లలో హార్డ్ డిస్కును చదివే హెడ్డుల్లో ఈ కోవ పొరలే అలా దిశను పట్టి ఉంచే పనికి కుదురుకున్నాయి.

నేడు పట్టాలు అందుకుంటున్న మీలో పరిశోధనకు వెళ్లేవారిని "దీనివల్ల ఉపయోగమేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దాని జవాబు గ్రాంటు గడువులోపు రావాలని లేదు. నీల్ లెక్క సరిగ్గా వేశారు కనుకనే ఉపయోగం వెతికినవాళ్లకు దారి దొరికింది. మీరూ ముందు లెక్క సరిగ్గా వేయండి. కొలతలో సున్నా వచ్చినప్పుడు నోటుబుక్కులో "ఏమీ లేదు" అని రాసే ముందు, మీ పరికరం దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో అడగండి. మార్కుల జాబితాను బట్టి మనుషుల్ని తూచేటప్పుడూ ఇదే ప్రశ్న వేసుకోండి. తొందరపడి ఎవరినీ, దేనినీ కొట్టిపారేయని చదువు మీది కావాలని మనసారా కోరుకుంటున్నాను.