ముష్టియుద్ధము: నాటి వీరులు, నేటి వీరులు

ముష్టియుద్ధాభిమానులు నలుగురు చేరినచోట మనము తరచు వినెడి ప్రశ్న ఒకటి కలదు: నాటి వీరుడు మిన్నయా, నేటివాడా?

1889లో అమెరికాలో సలివాన్, కిల్రెయిన్ అనువారు వట్టి పిడికిళ్ళతో 75 రౌండ్లు పోరాడిరి. అందొకడు నేలకొరిగినప్పుడే రౌండు ముగిసెడిది. పిమ్మట చేతితొడుగులు, మూడు నిమిషముల రౌండు స్థిరపడినవి.

1919లో డెంప్సీ, పడి లేచుచున్న విల్లర్డు ప్రక్కనే నిలిచి, మొదటి రౌండులోనే ఏడుమార్లు కూల్చెను. 1927 నాటికి నియమము మారినది. ప్రత్యర్థి పడగానే దూరపు మూలకు పోవలెను. డెంప్సీ జాగుచేయగా రిఫరీ లెక్క ఆలస్యమయ్యెను. టన్నీ తేరుకొని లేచి, తుదకు గెలిచెను. ఒక్కని జీవితములోనే యుగము మారినది!

1982లో లాస్ వేగస్‌లో పదునాలుగవ రౌండున కూలిన కొరియా యువకుడు కిమ్ డుక్ కూ కొలది దినములకే మరణించెను. పిమ్మట ప్రపంచ టైటిలు పోటీలు క్రమముగా 15 నుండి 12 రౌండ్లకు తగ్గినవి. కావున నేటివాడు పదునైదు రౌండ్లు నిలువలేడని మనము తేలికగా అనరాదు.

వీరులను వారి కాలపు ప్రత్యర్థులతోనే తూచుదము. యుగములను మాత్రము, అవి వీరుల ప్రాణములను ఎంతగా కాపాడినవో దానినిబట్టి తూచుదము.