పల్నాటి కంచములో చరిత్ర

క్రొత్త యూరికి పోయినప్పుడు మనము మొదట కోటను, గుడిని, శాసనమును చూడగోరుదుము. ఆకలియైనప్పుడు మాత్రము మన యింటి రుచి దొరకు హోటలు ఎక్కడ నున్నదని వెదకుదుము. అట్లు చేయుట వలన ఆ యూరి చరిత్రలో సగము చదువకయే తిరిగి వచ్చుచున్నామని మాకు పల్నాటి ప్రయాణములో తెలిసినది.

కారెంపూడి వీరుల ఉత్సవము చూడ గుంటూరునుండి నరసరావుపేట మీదుగా బయలుదేరి, దారిలో ఒక పల్లెయందు తెలిసినవారి యింట దిగితిమి. వారు మాకు సన్నబియ్యపు అన్నము వడ్డించిరి. వంటయింటినుండి మాత్రము పెనముపై కాలుచున్న జొన్నరొట్టె వాసన వచ్చుచుండెను. మాకును ఒకటి పెట్టుడని కోరగా ఆ యింటి పెద్దామె నొచ్చుకొని, "దూరం నుంచి వచ్చిన చుట్టాలకు జొన్నరొట్టె పెడితే నలుగురూ ఏమనుకుంటారు నాయనా!" అనెను.

ఆ సిగ్గు ఆమె యొక్కతెది కాదు. అది చాల పాతది. పల్నాటి జొన్నకూటిని ఈసడించుచు శ్రీనాథుడు చెప్పెనను చాటువులు ఎరుగని తెలుగువారు అరుదు. సన్నన్నమునకు అలవాటుపడిన ఆస్థానకవికి రాతినేలలో పండిన జొన్న గొంతు దిగలేదు కాబోలు. చిత్రమేమనగా, ఆ సీమ వీరులను కీర్తించిన 'పల్నాటి వీరచరిత్ర' కూడ ఆయన పేరనే ప్రసిద్ధమైనది. వీరులను మెచ్చిన నోరే వారి కూటిని మెచ్చలేకపోయినది! వానలు చాలని యేటగూడ అంతో యింతో పండి, మనుష్యులకు గింజలను, గొడ్లకు చొప్పను ఇచ్చి ఆ సీమను నిలబెట్టినది జొన్నయే కదా!

ఆ వీరుల కథలోనే తిండికి మరియొక స్థానము కలదు. 12వ శతాబ్దమునాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని ప్రతీతి. దానినే చాపకూడు అందురు. కారెంపూడి ఉత్సవములలో నేటికిని అది నడచుచున్నది. పంక్తిభేదము పాటించిన కాలమున అది ఎంత సాహసమో, పుస్తకము చదివినప్పటికంటె ఆ చాప చెంత నిలిచినప్పుడు మాకు బాగుగా బోధపడినది.

రొట్టెకు తోడు పెద్దామె ఎండుమిరపకాయల పచ్చడి వేసినది. గుంటూరుసీమ యనగనే మిరప తలపునకు వచ్చును. కాని బ్రహ్మనాయుడు గాని, శ్రీనాథుడు గాని మిరపకాయ నెరుగరు. అది అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కోడగామా కోజికోడు తీరము చేరిన పిమ్మట పోర్చుగీసు వర్తకముతో మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలలోని కారము మిరియములది. జొన్నకు సైతము పుట్టినిల్లు ఆఫ్రికాయే; కాకున్న అది వేల యేండ్లకు పూర్వమే వచ్చి మనదైనది.

మరి ఆ యింటికి వరియన్నము ఎట్లు వచ్చినది? 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పారినమేర వరి పండినది. పెద్దామె చిన్ననాట వరియన్నము పండుగకును, జబ్బుపడినవారికిని మాత్రమేనట. "కాలవొచ్చాక రోజూ అన్నమే. ఇప్పుడేమో డాక్టరు మళ్లీ రొట్టె తినమంటున్నాడు" అని ఆమె నవ్వెను. ఐక్యరాజ్యసమితియు 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. జొన్న తప్ప గతిలేని కరవు దినములు మరల రావలెనని ఎవ్వరును కోరరు. కాని ఆ దినములను దాటించిన ధాన్యమును చూచి సిగ్గుపడనక్కరలేదు.

కావున ప్రయాణమునకు బోవువారికి మేము చెప్పునది ఒక్కటే. చుట్టము కొరకు వండినదానితో తృప్తిపడక, ఇంటివారు తాము తినుదానిని కూడ అడుగుడు. అది ఎక్కడినుండి, ఎప్పుడు, ఏల వచ్చినదో విచారింపుడు. మేము రెండవ రొట్టె అడిగినప్పుడు ఆ పెద్దామె మొగమున సిగ్గు కానరాలేదు. పెనము మరల పొయ్యిపై పెట్టి, పిండి కలుపుచు, తన కథ తానే చెప్పసాగినది.