తేనెటీగలకూ వాటా మిగల్చాలి

(అంబాజీపేట ప్రాంతంలోని ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను వచ్చింది మీ లెక్కలు చూడడానికి. అవి సక్రమంగానే ఉన్నవి. అయితే అజెండాలో ఆరో అంశం చూశాక రెండు మాటలు మనవి చేయాలనిపించింది. సంఘం నిధులతో ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు ఇరవై కొని, సభ్యులకు వాయిదాల మీద ఇవ్వాలని ప్రతిపాదించారు. ఉద్దేశం మంచిదే. పాల సహకార రంగానికి తేనె కొత్తేమీ కాదు. 2021లో అమూల్ వారు తమ పేరుతో తేనె అమ్మకం మొదలుపెట్టారు. కాని ఖర్చయ్యేది సభ్యుల డబ్బు గనుక ముందూ వెనుకా చూసుకోవాలి.

ఇటాలియన్ ఈగ పెట్టెకు ఏడాదికి పాతిక ముప్పై కిలోలు ఇస్తుందని మీకు చెప్పి ఉంటారు. అబద్ధం కాదు. అయితే ఆ దిగుబడి, పెట్టెలను లారీ కెక్కించి పూత ఉన్న చోటికల్లా తిప్పేవారిది. పూత లేని నెలల్లో పంచదార పాకం పోసి ఈగలను బతికించాలి. రెండు పూటలా గేదెను పితికి కేంద్రానికి పరుగెత్తే మనకు ఊరు కదలడం సాధ్యమా?

మన ఊరి పుట్ట తేనెటీగ వేరు. చెట్టు తొర్రలో, పాత గోడ సందులో, బోర్లించిన కుండలో తనంతట తానే చేరుతుంది. ఇచ్చేది నాలుగైదు కిలోలు, బాగా కలిసివస్తే పది. కాని అది ఈ నేలకు, ఈ చెమ్మకు, ఈ వానలకు అలవాటు పడ్డ ప్రాణి. కొబ్బరిలో నెలకో గెల చొప్పున ఏడాది పొడుగునా పూత ఉంటుంది కదా, దానికి మేతకు కొదవ లేదు.

కొబ్బరికీ దానితో పని ఉంది. మన పొడుగు రకం చెట్టు గెలలో మగపూలు ముందు విచ్చుకొని రాలిపోతాయి. ఆడపూలు సిద్ధమయ్యేది ఆ తరువాత. కనుక పుప్పొడి చాలావరకు పక్క చెట్టు నుంచే రావాలి. గాలి కొంత తెస్తుంది, ఈగ కొంత తెస్తుంది. పిందె నిలిస్తే దింపునాడు తెలుస్తుంది. నాకడిగితే సీసాలోని తేనెకన్న ఈ లాభమే పెద్దది.

ఇక నా సొంత అనుభవం చెబుతాను, నవ్వకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెట్టె పెట్టాను. వానలకు ముందు పట్టు నిండుగా కనబడింది. ఆశకొద్దీ మూత వేసిన గదులూ, వేయని గదులూ చూడకుండా అంతా తీసేశాను. మూత వేయని గదుల్లోది నీరు చావని తేనె. మన చెమ్మకు నెల తిరక్కుండా పులిసి నురగ కక్కింది. ముసురు పట్టాక ఒక ఉదయం చూస్తే పెట్టెలో ఒక్క ఈగ లేదు. తిండి లేని చోట పుట్ట తేనెటీగ నిలవదు, లేచిపోతుంది. దూడకు చుక్క వదలకుండా పితికేవాణ్ణి మనం ఏమంటామో నన్నూ అదే అనాలి.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. చలి వెనకపట్టి ఈగలు గుంపు విడిపోయే రోజుల్లో, పాత కుండకు లోపల కాస్త మైనం రాసి, మూతికి పలక బిగించి, ఈగ పట్టేంత కన్నం ఉంచి నీడలో కడతాను. చేరితే చేరుతుంది, లేకపోతే మరుసటేడు. పెట్టె కావాలనుకుంటే పైన వరుసగా బద్దలు పేర్చి, బద్ద అడుగున మైనపు గీత గీస్తే చాలు, పట్టు అదే కట్టుకుంటుంది. కోళ్ళకు నీళ్ళు పెట్టే చిప్పల్లో కాళ్ళు నిలబెడితే చీమలు ఎక్కవు. మాటిమాటికి తెరిచి చూడవద్దు. తేనె పక్క పట్ల నుంచి, అదీ మూత వేసినంతే తీయాలి. నడుమ పిల్లలుండే పట్టు జోలికి పోరాదు. వానకాలానికి దాని తిండి దానికి వదలాలి. కాగడా పెట్టి పట్టు కాల్చే అలవాటు ఇంకా ఉన్నవారు దయచేసి మానండి.

1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణ దేశంలో పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టింది. కేరళలో పెట్టెలు నిండా ఖాళీ అయ్యాయి. తట్టుకొని నిలిచిన పట్ల నుంచే తరువాత ఈగలు మళ్ళీ పెరిగాయి. అందుకే తొర్రల్లో, గోడల్లో ఉన్న పట్లను పాడు చేయవద్దని ఇంతగా చెప్పడం.

మందుల సంగతి కూడా. 2016లో మన దేశానికి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ మీద కోపంతో కొందరు తోటంతా విషం కొట్టించారు. దానివల్ల దోమను తినే మిత్రపురుగు ఎన్‌కార్సియా చచ్చింది, తేనెటీగా చచ్చింది. మన ఊళ్ళోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. మందు కొట్టు కన్న ముందు అక్కడికి వెళ్ళి అడగండి. కొట్టక తప్పని రోజున, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టండి, పొరుగు తోటవారికి ముందు చెప్పండి.

కాబట్టి ఆరో అంశం వచ్చే సమావేశానికి వాయిదా వేయమని నా సలహా. తేనె వ్యాపారం మీ ఉపనిబంధనల్లో ఉన్నదో లేదో కూడా అప్పటికి చూడవచ్చు. ఈ లోగా ఆసక్తి ఉన్నవారు పది కుండలు కట్టి చూడండి. సంఘానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మా ఇంటి వెనుక రెండు కట్టాను, ఒకదానిలో పట్టు చేరింది. ఆదివారం సాయంత్రం ఎవరు వచ్చినా చూపిస్తాను. పిల్లలను మాత్రం కొంచెం దూరంగా నిలబెట్టండి.