బస్తీ పునరాభివృద్ధి: ‘ప్రజా ప్రయోజనం’ అంటే ఎవరి ప్రయోజనం?
(ఆటోనగర్‌ అవగాహన సమావేశం – ప్రసంగ పాఠం)



గాలీ వెలుతురూ లేని ఇళ్లు, అంబులెన్సు దూరని సందులు, వానొస్తే గుమ్మం దాటి లోపలికొచ్చే మురుగు. ఇలాంటి బస్తీని ప్రభుత్వం తీసుకుని బాగుచేయడం ప్రజా ప్రయోజనమే. మురికివాడల అభివృద్ధికి భూమి సేకరించే చట్టం మన రాష్ట్రంలో 1956లోనే వచ్చింది. 2013 భూసేకరణ చట్టంలోని 2వ సెక్షను కూడా పట్టణ స్థలాల అభివృద్ధిని, బలహీన వర్గాల ఇళ్లను ప్రజా ప్రయోజనం కిందే చెప్పింది.

అయితే బస్తీ బాగుపడటం వేరు, బస్తీలోని మనుషులు బాగుపడటం వేరు. అమెరికాలో న్యూ లండన్‌ అనే ఊళ్లో, ఉద్యోగాలొస్తాయని చెప్పి ఇళ్లు తీసుకున్నారు. 2005లో అక్కడి సుప్రీంకోర్టు సరేనంది. తీరా చూస్తే అనుకున్న కట్టడాలు రాలేదు, ఆ జాగా ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉంది. అంత దూరం ఎందుకు లెండి, ఉక్కు ఫ్యాక్టరీ నిర్వాసితుల ఆర్‌-కార్డుల సంగతి గాజువాక వాళ్లకి నేను చెప్పాలా?

అందుకే మీ హక్కు తెలుసుకోండి. “నాకు పట్టా లేదు, అద్దె షెడ్డులో డెంటింగ్‌ పని చేసుకుంటాను, నన్నెవరు లెక్కలోకి తీసుకుంటారు?” అని చాలామంది అడుగుతారు. తీసుకోవాలి. భూసేకరణకు ముందు మూడేళ్లుగా పట్టణంలోని ఆ స్థలంలో నివాసం ఉన్నా, మీ ప్రధాన జీవనాధారం మూడేళ్లుగా అక్కడే ఉండి దెబ్బతింటున్నా, 2013 చట్టం ప్రకారం మీది బాధిత కుటుంబమే. పట్టణంలో ఇల్లు పోతే కనీసం 50 చదరపు మీటర్ల ఇల్లివ్వాలి, అది వద్దనుకుంటే కనీసం లక్షా యాభై వేలు. ఖాళీ చేసి వెళ్లే కుటుంబానికి ఏడాదిపాటు నెలకు 3,000, సామాను తరలింపునకు 50,000. చిరు వ్యాపారికి, సొంతంగా పనిచేసుకునేవారికి కనీసం 25,000 అదనం. ఈ రోజుల్లో ఆ పాతిక వేలకి లేత్‌ మిషను విప్పి మళ్లీ బిగించడం కూడా కష్టమే, నిజం చెప్పాలి. కానీ ‘కనీసం’ అని ఉంది కాబట్టి ఎక్కువ అడగొచ్చు.

మూడేళ్ల కరెంటు బిల్లులు, అద్దె రసీదులు, ట్రేడ్‌ లైసెన్సు, రేషన్‌ కార్డు ఒకచోట పెట్టుకోండి. కుటుంబాల సర్వేకి వచ్చినప్పుడు మీ పేరు ఎక్కిందో లేదో మీరే చూసుకోండి.

ఒక జాగ్రత్త. స్థలం ముందే ప్రభుత్వానిదైతే అది సేకరణ కాదు, ఈ లెక్కలు నేరుగా వర్తించవు. అప్పుడు పథకం లబ్ధిదారుల జాబితాయే ముఖ్యం, దాన్ని వార్డు సచివాలయంలో అడగండి. అలాంటి చోటైనా మామూలుగా నోటీసిచ్చి, మీ మాట విన్నాకే ఖాళీ చేయించాలని ముంబై ఫుట్‌పాత్‌ వాసుల కేసులో సుప్రీంకోర్టు 1985లో చెప్పింది.

ప్రైవేటు భూమిని సేకరిస్తుంటే, అభ్యంతరాన్ని కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వడానికి 60 రోజులు గడువు. ఆ లెక్క ప్రాథమిక నోటిఫికేషన్‌ ప్రచురించిన రోజు నుంచి. మీ చేతికి కాగితం అందిన రోజు నుంచి కాదు.