బావి దగ్గర మొదలైన పాఠం



మనం ఈ సాయంత్రం బహ్రెయిన్‌లోని జల్లాఖ్‌లో తలుచుకుంటున్న మాస్టారు ప్రజారోగ్యం పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల్ని ఊరి బావి దగ్గరికి తీసుకెళ్లేవారు. "ఈ నీళ్లు ఎవరు తాగుతున్నారు, ఎవరు తాగడం లేదు? కనుక్కుని రండి" అనేవారు. పుస్తకం ఆ తర్వాతే.

ప్రశ్న ముందు, పుస్తకం తర్వాత అన్న ఆ దారిని పూర్తిస్థాయి వైద్యవిద్యగా మలిచింది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం. 1969లో తొలి విద్యార్థులు చేరినప్పుడే, జాన్ ఎవాన్స్ నాయకత్వంలో, ఉపన్యాసాన్ని తగ్గించి సమస్యను ముందుకు తెచ్చారు. తర్వాత హోవర్డ్ బారోస్ దానికి గట్టి పునాది వేశారు. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వైద్యకళాశాల దాన్ని అందుకుంది. 1982లో ఇక్కడికి అరగంట దూరంలో, మనామాలో, అరేబియన్ గల్ఫ్ విశ్వవిద్యాలయం వైద్యకళాశాల మొదటి రోజు నుంచీ ఈ పద్ధతినే పట్టింది. వదిలించుకోవలసిన పాత అలవాట్లు లేకపోవడం దానికి కలిసొచ్చిందని నా నమ్మకం.

ఆ తరగతి ఎలా ఉంటుందో చూడండి. బల్ల చుట్టూ ఎనిమిది మందో పది మందో. చేతిలో ఒక కాగితం: తొమ్మిదేళ్ల పిల్లాడు, ఒళ్లంతా నొప్పులు, పచ్చబడ్డ కళ్లు, ఆస్పత్రికి రావడం ఇది మూడోసారి. ఒకరు లేచి బోర్డు మీద తెలిసినవి ఒక పక్క, తేల్చుకోవలసినవి ఒక పక్క రాస్తారు. "కామెర్లా?" "మరి నొప్పులెందుకు?" "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" ఆ మూడో ప్రశ్నతో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు పాఠం మంచం దగ్గర నుంచి కుటుంబంలోకి, పెళ్లిళ్లలోకి నడుస్తుంది. గురువుకు జవాబు తెలుసు. అయినా నోరు విప్పడు. ఉపాధ్యాయ వృత్తిలో అంతకన్నా కష్టమైన పని నేను చూడలేదు.

బహ్రెయిన్‌కు సికిల్‌సెల్ ఇంటి సమస్య. పెళ్లికి ముందు వైద్యపరీక్షను తప్పనిసరి చేస్తూ 2004లో చట్టమే తెచ్చుకుంది. మన మన్యంలోనూ అదే జబ్బు ఉంది.

మనకు మాత్రం కేసులకు కొదవా? 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసింది మలేరియా ఎలా వ్యాపిస్తుందన్న ఒక ప్రశ్న పట్టుకునే. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో బిగుసుకుపోయిన నడుములను చూసి పరిశోధకుడు షార్ట్ బృందం తాగేనీటిలోని ఫ్లోరైడ్ దాకా వెళ్లింది. ఆ చరిత్రను మన పిల్లలకు అయిదు మార్కుల జవాబుగా బట్టీ పట్టించాం. నూటయాభై మంది కూర్చునే తరగతిలో చిన్న జట్లు కట్టడానికి గురువులు చాలరన్న మాట నిజమే. వారానికి ఒక పూటైనా కుదరదంటే నేను ఒప్పుకోను.

జవాబు దొరకని కేసూ మనకుంది: శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. నీళ్లా, ఎండలో చాకిరీయా, నొప్పి బిళ్లలా అన్నది అందరూ ఒప్పుకునేలా ఇంకా తేలలేదు. అక్కడ గురువూ శిష్యుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు.

ఇక్కడ నర్సులుగా, డాక్టర్లుగా, ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న మీలో ప్రతి ఒక్కరినీ ఒకటి అడుగుతున్నాను. ఇక్కడ మీ వార్డులో చూసిన ఒక్క కేసును, రోగి ఎవరో తెలియకుండా, జవాబు రాయకుండా ఒక పేజీలో పెట్టి, మీరు చదివిన కళాశాలకు పంపండి.